చివరి మూడు నిమిషాలు: ఆన్‌లైన్ చారిటీ వేలంలో గుండె దడ ఎందుకు?

పోయిన రంజాన్‌లో ఒక రాత్రి. తరావీహ్ అయిపోయింది. పిల్లలు పడుకున్నారు. సహరీకి కావలసినవి సర్దిపెట్టి, ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. అనాథ ఆడపిల్లల హాస్టల్ నడిపే ఒక ట్రస్ట్ ఆన్‌లైన్‌లో వేలం పెట్టింది. దాతలు ఇచ్చిన పాత సామాన్లు, చేతి కుట్టు దుప్పట్లు, ఖత్తాతీ ఫ్రేములు, ఇలాంటివి ఓ ముప్పై దాకా ఉన్నాయి. వాటిలో ఒక ఇత్తడి పాన్‌దాన్. మా నానీ దగ్గర అచ్చం అలాంటిదే ఉండేది. ఆమె పోయాక సామాన్లు పంచుకున్నప్పుడు అది ఎవరింటికి వెళ్లిందో, ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

"ఆరు వేలు దాటితే వదిలేస్తా" అని మా వారికి ముందే చెప్పాను. వేలం పది గంటలకు ముగియాలి. ఇంకో మూడు నిమిషాలు ఉందనగా పాట 5,500 దగ్గర ఉంది. నేను 6,000 పెట్టాను. నిమిషం గడిచిందో లేదో ఫోన్ టింగుమంది. "మీ పాటను మరొకరు దాటారు." 6,500. పేరు లేదు. బిడ్డర్ 41 అని ఉంది, అంతే.

అక్కడ ఆగాలి. ఆగలేదు. 7,000 నొక్కాను. 41 వాళ్లు 7,500 అన్నారు. ఆ సైట్‌లో ఒక పద్ధతి ఉంది: చివరి మూడు నిమిషాల్లో ఎవరు పాడినా గడియారం మళ్లీ మూడు నిమిషాలకు వెళ్తుంది. అందుకని పది దాటినా వేలం ముగియలేదు. పది నలభైకి, 14,000 దగ్గర, 41 ఆగిపోయారు. "ముబారక్, మీరు గెలిచారు" అని తెర మీద వచ్చింది. అరచేతులు చెమటతో తడిసిపోయాయి, నోరు ఎండిపోయింది. సంతోషమా? ఒక నిమిషం కూడా నిలవలేదు. ఆ డబ్బు పిల్లల ఈద్ బట్టలకు తీసిపెట్టింది. పక్కగదిలోంచి మా వారు "ఎంతకొచ్చింది?" అని అడిగితే "ఎనిమిది" అన్నాను. రోజాల నెలలో, సవాబ్ కోసం మొదలుపెట్టిన పనిలో, అబద్ధం.

మూడు రోజులకు నేనే చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "మంచిపనికి ఇచ్చేటప్పుడు అంత టెన్షన్ ఎందుకు పడ్డావ్?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు అప్పుడు జవాబు లేదు. తర్వాత వెతికి చదివింది, నలుగురినీ అడిగి తెలుసుకుంది ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు మన ఊళ్లలో మదరసాలు, స్కూళ్లు, డయాలసిస్ సాయం చేసే సంస్థలు కూడా వాట్సాప్ గ్రూపుల్లో, వెబ్‌సైట్లలో వేలం పెడుతున్నాయి కాబట్టి చాలా ఇళ్లకు ఇది పనికొస్తుందని అనుకుంటున్నా.

తెలుగులో వేలానికి 'పాట' అంటాం. పాట పాడటం, పాట పెంచడం, పాడుకోవడం. పాత కాగితాల్లో అయితే 'హర్రాజు' అని కనిపిస్తుంది. అది మన అరబీ, ఉర్దూ వైపు నుంచి వచ్చిన మాట. పేరు ఏదైనా పాత వేలం నలుగురి మధ్య జరిగేది. బాలాపూర్ లడ్డూ వేలం టీవీలో చూడనివాళ్లు ఉండరు. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2024లో 30 లక్షల 1 వెయ్యికి చేరింది. అక్కడ ఎదుటి మనిషి మొహం కనిపిస్తుంది. వాడు తడబడుతున్నాడా, ఇంకా లాగుతాడా అన్నది అర్థమవుతుంది. పక్కన అన్నో తమ్ముడో ఉండి "చాల్లే, ఆపెయ్" అని భుజం పట్టుకుంటాడు. ఒకటోసారి, రెండోసారి అని పిలిచే మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఇవేవీ లేవు. ఒక నంబరు, ఒక గడియారం, ఒక బటన్. రాత్రిపూట ఒంటరిగా మనం.

వేలంలో ఒళ్లు వేడెక్కడం గురించి మంచి పరిశోధనే జరిగింది. విచిత్రం ఏంటంటే అందులో బాగా పేరున్నది ఒక చారిటీ వేలం మీదే. 1999 వేసవిలో అమెరికాలోని షికాగో వీధుల్లో మూడు వందలకు పైగా ఫైబర్‌గ్లాస్ ఆవుల బొమ్మలు నిలబెట్టారు. ఒక్కో ఆవుకు ఒక్కో కళాకారుడు రంగులు వేశాడు. తర్వాత వాటిలో చాలావాటిని సేవాసంస్థల కోసం వేలం వేశారు, కొన్ని ఇంటర్నెట్‌లో, కొన్ని హాల్లో. హాల్లో ఒక్కో ఆవు సగటున దాదాపు 25 వేల డాలర్లు పలికింది. ఇంట్లో పెట్టుకోవడానికి చోటు కూడా ఉండని ప్లాస్టిక్ ఆవుకి! గిలియన్ కూ, దీపక్ మల్హోత్రా, కీత్ మర్నిఘన్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ పాటల లెక్కలు తీసి, పాడినవాళ్లను అడిగి 2005లో ఒక వ్యాసం ప్రచురించారు.

వాళ్లు చెప్పింది క్లుప్తంగా ఇది. మనిషి తను అనుకున్న హద్దు దాటడానికి రెండు దారులున్నాయి. ఒకటి, "ఇంతసేపు కూర్చున్నాను, ఇంతదాకా వచ్చాను, ఇప్పుడు వదిలేస్తే అంతా వృథా" అనే లెక్క. రెండోది పోటీ వేడి. ఎదుటివాడు ఒక్కడే మిగిలినప్పుడు, టైం తగ్గుతున్నప్పుడు, నలుగురూ చూస్తున్నప్పుడు ఒంట్లో ఒక ఉద్రేకం లేస్తుంది. అప్పుడు వస్తువు విలువ పక్కకుపోయి గెలవడమే పని అవుతుంది.

ఇందులో నాకు బాగా తగిలింది 'ఒక్కడే మిగిలినప్పుడు' అన్న మాట. ఇరవై మంది పాడుతుంటే మనకు ఎవరిమీదా పట్టుదల రాదు. ఇద్దరే మిగిలితే అది కుస్తీ. బిడ్డర్ 41 ఎవరో నాకు తెలియదు. కానీ ఆ నలభై నిమిషాల్లో ఆ నంబరు మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ మనిషీ అదే హాస్టల్ పిల్లల కోసం డబ్బు ఇద్దామని వచ్చినవాళ్లే కదా!

2015లో మార్క్ ఆడమ్, ఆయన సహచరులు ఇంకో పని చేశారు. పాడుతున్నవాళ్ల ఒంటికి పరికరాలు పెట్టి గుండె వేగం, చర్మం మీద చెమట కొలిచారు. టైం ఒత్తిడి పెరిగితే ఉద్రేకమూ పెరిగింది, పాటా పెరిగింది. అయితే ఎదుట ఉన్నది మనిషి అయినప్పుడే అలా జరిగింది. కంప్యూటర్‌తో పోటీ అని తెలిసినప్పుడు ఆ వేడి పాటలోకి ఎక్కలేదు. అంటే మనల్ని కదిలించేది గడియారం ఒక్కటే కాదు, గడియారం వెనక ఉన్న ఇంకో మనిషి.

మెదడు వైపు నుంచి కూడా ఒకటి ఉంది. మారిసియో డెల్గాడో బృందం 2008లో 'సైన్స్' పత్రికలో రాసిన ప్రయోగంలో కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి వేలం ఆడించారు, లాటరీ కూడా ఆడించారు. లాటరీలో పోయినప్పటికంటే వేలంలో పోయినప్పుడు మెదడులో లాభనష్టాలకు స్పందించే భాగం గట్టిగా స్పందించింది. ఓడిపోతామన్న ఆలోచనే మనుషుల చేత ఎక్కువ పాడిస్తోందని వాళ్లు తేల్చారు. తర్వాత మరో గుంపుకి "గెలవకపోతే మీ చేతిలో ఉన్న ఈ డాలర్లు పోతాయి" అన్న రీతిలో అదే ఆటను చెప్పారు. డబ్బు లెక్క అదే, మాట మాత్రమే మారింది. వాళ్లు ఇంకా ఎక్కువ పాడారు. ఇప్పుడు "మీ పాటను మరొకరు దాటారు" అన్న నోటిఫికేషన్ గుర్తు తెచ్చుకోండి. ఆ పాన్‌దాన్ నాది కానే కాదు. ఆ ఒక్క వాక్యంతో నా చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టు అయింది.

దీనికితోడు రంజాన్‌లో నిద్ర తక్కువ. రోజంతా ఇంటిపని, రాత్రి తరావీహ్, తెల్లవారుజామున సహరీ. అలసిపోయిన మనిషి చేత రాత్రి పదికి నిర్ణయాలు తీసుకోనివ్వకూడదు. ఇది పరిశోధన కాదు, మా అమ్మీ మాట.

ఇంకో పక్కన సైట్ తయారైన తీరు ఉంది. ఇది తెలిస్తే సగం భయం పోతుంది. చాలా వేలం సైట్లలో 'ఆటో బిడ్' అనో 'ప్రాక్సీ బిడ్' అనో ఒక గడి ఉంటుంది. ఈబే లాంటి పెద్ద సైట్లు నడిచేది ఇలాగే. నేను ఆ రాత్రి ఆ గడిని చూశాను గానీ, "ఎక్కువ రాస్తే అంతా గుంజేస్తారేమో" అని భయపడి వదిలేశాను. అది పనిచేసేది అలా కాదు. మీరు గరిష్ఠంగా 6,000 అని రాశారనుకోండి. మెట్టు 250 అనుకోండి. ఎదుటివాళ్లు 3,000 పాడితే మీ పేరు మీద యంత్రం 3,250 మాత్రమే చూపిస్తుంది. వాళ్లు 4,000కి వెళ్తే మీది 4,250. అక్కడితో వాళ్లు ఆగితే మీకు 4,250కే వస్తుంది. ఎదుటివాళ్లు గరిష్ఠంగా 7,000 రాస్తే పాట 6,250 దగ్గర వాళ్ల పేరు మీద నిలబడుతుంది, మీరు తప్పుకున్నట్టే. మొత్తానికి మీరు కట్టేది రెండో మనిషి ఎక్కడ ఆగాడో దాన్నిబట్టి ఉంటుంది. రెండో ధర చెల్లించే ఈ ఆలోచనను సిద్ధాంతంగా రాసిన విలియం వికరీకి 1996లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వేలం సిద్ధాంతానికే మళ్లీ 2020లో పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకు వచ్చింది. అంటే ఇదేదో పిల్లల ఆట కాదు, లోతైన విషయమే.

గడియారం పొడిగించడం మీద నాకు మొదట కోపం వచ్చింది, డబ్బు గుంజడానికే పెట్టారని. చదివాక అభిప్రాయం కొంచెం మారింది. గడియారం ఖచ్చితంగా పదికే ఆగిపోతే ఏమవుతుంది? అందరూ ఆఖరి సెకను దాకా కాచుకుని ఒక్కసారిగా నొక్కుతారు. నెట్ స్లో ఉన్నవాళ్లు పోతారు. ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్, ఆల్విన్ రాత్ 2002లో ఈబేని, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలం సైట్‌ని పోల్చి చూశారు. టైం ఖచ్చితంగా ముగిసే ఈబేలో ఆఖరి క్షణం పాటలు చాలా ఎక్కువ. పాట వస్తే గడువు పెరిగే అమెజాన్‌లో అవి తక్కువ. కాబట్టి పొడిగింపు న్యాయమైన పద్ధతే. దాని దోషం వేరే చోట ఉంది. ఇద్దరు మొండివాళ్లు తగిలితే ఆటకు ముగింపు ఉండదు. నేనూ, 41 లాగా.

ఇక చారిటీ అన్న మాట వేలానికి ఏం చేస్తుంది? డేనియల్ ఎల్ఫెన్‌బైన్, బ్రయన్ మెక్‌మానస్ ఈబేలో ఒకే రకం వస్తువులను జతలు జతలుగా తీసి చూశారు, ఒకటి చారిటీ కోసం అమ్మినది, ఒకటి మామూలుగా అమ్మినది. చారిటీ వస్తువు సగటున 6 శాతం ఎక్కువ పలికింది. చారిటీ వేలంలో జనం తొందరగా పాడటం మొదలుపెడతారని, దాన్ని చూసి మిగతావాళ్లూ పాట పెంచుతారని కూడా వాళ్లు గమనించారు. ఆరు శాతం అంటే పెద్ద పిచ్చేమీ కాదు. మామూలు జనం కాస్త చెయ్యి వదిలి ఇస్తారు, అంతే. నాలాగా రెట్టింపు దాటించేవాళ్ల కథ వేరు.

పైస్థాయిలో అయితే అంకెలు కళ్లు తిరిగేలా ఉంటాయి. అమెరికా వ్యాపారవేత్త వారెన్ బఫెట్‌తో భోజనం చేసే అవకాశాన్ని శాన్ ఫ్రాన్సిస్కోలో నిరుపేదలకు సాయం చేసే గ్లైడ్ సంస్థ కోసం ఏళ్లపాటు వేలం వేశారు. 2003 నుంచి ఈబేలోనే. 2022లో అది 1 కోటీ 90 లక్షల 100 డాలర్లు పలికింది. ఆ చివరి వంద చూడండి! దుబాయ్‌లో 2023 రంజాన్‌లో అన్నదానం నిధి కోసం పెట్టిన వేలంలో పీ7 అనే కారు నంబరు ప్లేటు 5 కోట్ల 50 లక్షల దిర్హమ్‌లకు పోయింది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఆ వార్తను ఎన్ని గ్రూపుల్లో పంపారో! నిధికి మేలే జరిగింది, అందులో అనుమానం లేదు. ఆ స్థాయి పాట చూసి మన ఇళ్లలో పౌరుషం పెంచుకుంటేనే తంటా. వాళ్ల ఐదు కోట్లు వాళ్ల జేబుకు ఎంతో, మన ఎనిమిది వేలు మన జేబుకు అంతకంటే బరువు కావచ్చు.

చారిటీ వేలంలో ప్రత్యేకమైన ఇరకాటం ఒకటి ఉంది. మామూలు వేలంలో హద్దు దాటాక "అత్యాశ" అని మనల్ని మనమే తిట్టుకుంటాం, ఆగుతాం. ఇక్కడ అలా తిట్టుకునే వీలు లేదు. ప్రతి ఐదు వందలకూ "పోతే పోయింది, పిల్లలకే కదా, సవాబే కదా" అని మనసు సర్దుకుంటుంది. ఆగితే పిసినారితనంలా అనిపిస్తుంది. గ్రూపులో అందరి పేర్లూ కనిపించే వేలమైతే ఇంకా కష్టం. వియ్యాలవారు చూస్తున్నారు, మసీదు కమిటీవాళ్లు చూస్తున్నారు. అప్పుడు ఆ పెంచిన ఐదు వందలు ఎవరి కోసమో మనకే తెలియదు. ఒక పెద్దాయన నాతో అన్నారు, "బేటీ, సదఖా చేసేటప్పుడు చెయ్యి వణకదు. నీ చెయ్యి వణికింది అంటే అది వేరే పని." నిజమే అనిపించింది, ఆయన అన్నంత తేలిక కాకపోయినా.

దీనికి పూర్తిగా ఉల్టా ఉన్న సంఘటన ఒకటి 2024 ఏప్రిల్‌లో కశ్మీర్‌లోని సోపోర్ దగ్గర ఒక ఊళ్లో జరిగింది. మసీదు కడుతున్నారు. ఇంటింటికీ తిరిగితే ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చారు. ఒక ఇంటి నుంచి ఒక కోడిగుడ్డు వచ్చింది. దాన్నీ వేలం వేశారు. పాడుకున్నవాళ్లు డబ్బు కట్టి గుడ్డును మళ్లీ మసీదుకే ఇచ్చేశారు. మళ్లీ వేలం, మళ్లీ ఇవ్వడం. మూడు రోజుల్లో ఆ ఒక్క గుడ్డు మీద 2 లక్షల 26 వేలకు పైగా వచ్చాయి. ఆఖరున ఒక యువకుడు 70 వేలు ఇచ్చి గుడ్డు తీసుకున్నాడు. ఇక్కడా పోటీ ఉంది, పేరు ఉంది, ఉత్సాహం ఉంది. కానీ ఒకటి గమనించండి: ఎవరూ ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు. గుడ్డు అందరి చేతుల్లోంచీ తిరిగింది. ఓడిపోయినవాడు లేడు.

దీన్ వైపు నుంచి కూడా కొన్ని అడిగి తెలుసుకున్నాను. వేలం వేసి అమ్మడం జాయిజే అని ఎక్కువమంది ఫుఖహాల మాట. సునన్ అబూ దావూద్‌లో వచ్చే ఒక అన్సారీ సంఘటన చాలామందికి తెలుసు. సాయం అడగడానికి వచ్చిన ఒక మనిషి ఇంట్లో ఉన్న బట్ట, నీళ్లు తాగే గిన్నె తెప్పించి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం అక్కడున్నవారిలో ఎవరు కొంటారని అడిగారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. ఇంకా ఎవరైనా ఇస్తారా అని మళ్లీ అడిగితే మరొకరు రెండు దిర్హమ్‌లు ఇచ్చారు. ఆ డబ్బులో సగంతో ఇంటివాళ్లకు తిండి, మిగతా సగంతో గొడ్డలి. కట్టెలు కొట్టి అమ్ముకుని అతను నిలదొక్కుకున్నాడు. ఈ రివాయత్ సనద్ మీద కొందరు ముహద్దిసీన్ అభ్యంతరం చెప్పారు, అది కూడా తెలుసుకోవాలి. సోదరుడి బేరం మీద బేరం చేయవద్దన్న హదీస్ వేలానికి అడ్డం కాదా అని అడిగితే, అది అమ్మేవాడు, కొనేవాడు ఒక మాటకు వచ్చాక మధ్యలో దూరడం గురించి అని, వేలంలో అమ్మేవాడు ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి అది వేరని వివరించారు.

గట్టిగా వారించింది 'నజష్'. కొనే ఉద్దేశం లేకుండా, ఎదుటివాళ్లను రెచ్చగొట్టడానికి ధర పెంచడం. దీన్ని వారించే హదీస్‌లు బుఖారీలో, ముస్లింలో ఉన్నాయి. మన దేశపు చట్టం కూడా అదే మాట అంటుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం అమ్మేవాళ్లు ధర పెంచడానికి దొంగపాట పాడిస్తే, కొన్న మనిషి ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. అదే సెక్షన్‌లో ఇంకో ముక్క ఉంది: పాట ముగిసిందని ప్రకటించేదాకా పాడిన మనిషి తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. అయితే సైట్ షరతులు చదవకుండా దీన్ని నమ్ముకుని దిగకండి. "మంచిపనికే కదా" అని కమిటీలోని కుర్రాళ్ల చేత నాలుగు దొంగపాటలు పాడించేవాళ్లు ఉంటారు. నిధి కోసం చేసినా అది నజషే.

జకాత్ డబ్బుతో పాడొచ్చా అని మా ఆడపడుచు అడిగింది. వస్తువు తీసుకుని ఇచ్చిన డబ్బు కొనుగోలు అవుతుంది, ప్రతిఫలం లేకుండా హక్కుదారుకు చేరినదే జకాత్ అని మాకు చెప్పారు. మీ ముఫ్తీ సాబ్‌ని ఒకసారి అడగండి. ఇన్‌కమ్ టాక్స్ సంగతీ ఇంచుమించు అంతే: పన్ను మినహాయింపు విరాళానికి ఇస్తారు, కొన్న సామానుకు కాదు. రెండు వేలు దాటిన నగదుకు అసలే వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు. "పన్ను మినహాయింపు ఉంది, పెంచండి" అనే ప్రచారం చూసి పెంచకండి.

మా ఇంట్లో ఇప్పుడు పాటించేది చెప్తాను. హద్దు పగలే, ఇద్దరం కూర్చుని, కాగితం మీద రాసుకుంటాం. దాన్ని రెండు ముక్కలుగా రాస్తాం: వస్తువుకు ఇంత, సదఖాగా ఇంత. పాన్‌దాన్ బజారులో మూడు వేలు చేస్తే, సదఖా రెండు వేలు అనుకుంటే, ఐదు వేలు ఆటో బిడ్‌లో రాసి ఫోన్ పక్కన పెట్టేస్తాం. నోటిఫికేషన్లు ఆపేస్తాం. వస్తువు రాకపోతే ఆ సదఖా ముక్క ఎలాగూ నేరుగా పంపిస్తాం. ఈ చివరిదే నాకు ఎక్కువ పనికొచ్చింది. వస్తువు పోయినా సవాబ్ చేతిలోంచి పోలేదని తెలిశాక ఆ దడ సగానికి సగం తగ్గింది.

ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు పాడుతుంటే కాస్త పక్కన ఉండండి. మా చాచా ఒకాయన సున్నా ఎక్కువ కొట్టి చూసుకోలేదు. యూపీఐ పిన్ పిల్లలకు తెలిస్తే మార్చేయండి. "మీరు గెలిచారు, ఈ లింక్ మీద కట్టండి" అని వచ్చే మెసేజ్‌లన్నీ ఆ సంస్థవి కావు. సంస్థ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాకే కట్టండి. డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

వేలం పెట్టే కమిటీలకూ ఒక మాట. రాత్రి పదికి ముగించకండి, అస్ర్ తర్వాతో, ఆదివారం పొద్దున్నో ముగించండి. గడువు పొడిగింపు ఉంటే దానికీ ఒక హద్దు పెట్టండి, అరగంట అంటే అరగంట. పేర్లు దాచి నంబర్లు చూపించండి. "మీ పాటను దాటారు, వదులుకోకండి" లాంటి మెసేజ్‌లు మానేయండి. గెలిచిన మనిషి కట్టలేనంటే పరువు తీయకుండా రెండో మనిషికి ఇచ్చే పద్ధతి ముందే రాసిపెట్టండి. నాకు ఆ రాత్రి అలాంటి ఒక వాక్యం కనిపించి ఉంటే మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి ఉండేదాన్ని.

డబ్బు గడువులోపలే కట్టేశాను. ఈద్ బట్టలు నా చిట్టీ డబ్బుతో వచ్చాయి, చిన్నదానికి మాత్రం చెప్పులు ఒక నెల ఆలస్యమయ్యాయి. పాన్‌దాన్ షోకేస్‌లో ఉంది. మొన్న మా ఖాలా వచ్చి దాన్ని తిప్పి తిప్పి చూసి, అమ్మీది ఇంతకంటే చిన్నది కదా అంది.